స్టార్టర్ డబ్బాలో మూడు చదువులు: పేటెంట్ రాసే పని గురించి



మన నడిగడ్డలో బోరు ఉన్న ప్రతి పొలంలోనూ ఒక స్టార్టర్ డబ్బా ఉంటుంది. ఈ మధ్య చాలామంది దానికి సిమ్ కార్డు వేసే పరికరం కూడా పెట్టించుకున్నారు. మల్దకల్‌లో టీ తాగుతూ ఫోన్ చేస్తే పొలంలో మోటారు తిరుగుతుంది. బోరులో నీళ్లు అందకపోతే దానంతట అదే ఆగుతుంది. రాత్రిపూట టార్చిలైటు పట్టుకుని గట్ల మీద నడిచే బాధ తప్పింది. కరెంటు ఆపకుండా మాత్రం ఆ డబ్బా మూత తీయకండి, పిల్లల్ని అసలే తీయనివ్వకండి.

ఆ చిన్న డబ్బాలో మూడు చదువులు ఉన్నాయి. కాంటాక్టర్ లోపలి స్ప్రింగు, దానితో పాటు కదిలే రాగి పట్టీలు మెకానికల్ చదువు. ఆ పట్టీలను లాగే కాయిల్, మోటారు మీద భారం పెరిగితే కనెక్షన్ తెంచే రిలే ఎలక్ట్రికల్ చదువు. ఫోన్ ఎవరిదో గుర్తుపట్టి, మోటారు ఎంత కరెంటు తీసుకుంటోందో చూసి, నీళ్లు వస్తున్నాయా లేదా అని తేల్చే చిప్పులోని ప్రోగ్రాం కంప్యూటర్ చదువు. మీ అమ్మాయో అబ్బాయో ఈ పరికరానికి ఇప్పటిదాకా ఎవరికీ తట్టని ఒక మెరుగు కనిపెట్టారనుకుందాం. అది వాళ్లదేనని చట్టం ఒప్పుకోవాలంటే, మూడు రంగాలూ అర్థమైన మనిషి ఒకరు దాన్ని కాగితం మీద మాటల్లో పెట్టాలి. ఆ పనిని వృత్తిగా చేసేవారే పేటెంట్ ఏజెంట్లు.

ఈ నెల ఈ విషయం ఎంచుకోవడానికి రెండు కారణాలు. ఇంటర్‌లో ఎంపీసీ అనగానే మనకు కనిపించేది బీటెక్, ఆ తర్వాత సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. యంత్రాలంటే ఇష్టం ఉండి, చక్కగా రాయగలిగే పిల్లలకు ఇంకో దారి ఉందని చాలా ఇళ్లలో తెలియదు. రెండో కారణం ఇంకా తొందరది. పిల్లలు ఎగ్జిబిషన్లకు మోడళ్లు చేస్తున్నారు, మనం ముచ్చటపడి వీడియోలు తీసి వాట్సాప్ స్టేటస్ పెడుతున్నాం. నిజంగా కొత్తదైన ఆలోచనకు ఆ ముచ్చటే నష్టం చేయవచ్చు. ఎలాగో కింద చెబుతాను.

హక్కు దేని మీద?

పేటెంట్ ఒక ఒప్పందం లాంటిది. కనిపెట్టినవారు తమ రహస్యాన్ని దాచకుండా, చదివినవాళ్లు తిరిగి చేసుకోగలిగేంత వివరంగా ప్రభుత్వానికి రాసి ఇవ్వాలి. బదులుగా దరఖాస్తు చేసిన తేదీ నుంచి 20 ఏళ్ల పాటు, వారి అనుమతి లేకుండా ఇంకెవరూ దాన్ని తయారు చేయకుండా, అమ్మకుండా ఆపే హక్కు దొరుకుతుంది. 20 ఏళ్లు నిండాక అది అందరిదీ. మన దేశంలో దీనికి 1970 నాటి పేటెంట్ల చట్టం ఆధారం. ఆ చట్టం ప్రకారం ఆవిష్కరణ ప్రపంచంలో ఎక్కడా అంతకుముందు వెల్లడి కానిదై ఉండాలి, ఆ రంగం తెలిసినవారికి ఇట్టే తట్టేది కాకూడదు, పరిశ్రమలో పనికొచ్చేదై ఉండాలి. వ్యవసాయం కూడా పరిశ్రమ కిందికే వస్తుంది కాబట్టి రైతుకు పనికొచ్చే యంత్రానికి అడ్డేమీ లేదు.

కానీ సాగు చేసే పద్ధతికి పేటెంట్ ఇవ్వరు. మొక్కలకు, విత్తనాలకు కూడా ఇవ్వరు. విత్తన పత్తి చేసే ఇళ్ల నుంచి మా దగ్గరికి చాలామంది పిల్లలు వస్తారు కాబట్టి ఒక్క మాట చెప్పాలి. బీటీ పత్తిలోని జన్యువు మీద మోన్‌శాంటో కంపెనీకి ఉన్న పేటెంటు చెల్లుతుందా అన్న గొడవ మన హైదరాబాద్‌కు చెందిన నూజివీడు సీడ్స్‌తోనే నడిచింది. 2018లో ఢిల్లీ హైకోర్టు ధర్మాసనం చెల్లదంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఆ తీర్పును పక్కనపెట్టి పూర్తి విచారణ జరపమంది. చివరికి 2021లో రెండు కంపెనీలూ రాజీపడ్డాయి. గింజలోని జన్యువు విత్తనం కిందికి వస్తుందా, రాదా అన్న ఒక్క ప్రశ్న చుట్టూ ఇంత పెద్ద కేసు తిరిగింది.

గద్వాల చీరకు ఉన్నది కూడా పేటెంటే అని కొందరు అనుకుంటారు. అది భౌగోళిక గుర్తింపు, అంటే జీఐ. అది ఒక ప్రాంతంలో ఆ పని చేసే నేతన్నలందరికీ చెందుతుంది, ఎప్పటికప్పుడు పునరుద్ధరించుకోవచ్చు. తరతరాలుగా వస్తున్న విద్యకు పేటెంట్ రాదు. కానీ ఆ విద్యలోని కష్టాన్ని తగ్గించే కొత్త యంత్రానికి రావచ్చు. దీనికి మన తెలంగాణలోనే మంచి ఉదాహరణ ఉంది.

ఆసు యంత్రం

2019లో వచ్చిన ‘మల్లేశం’ సినిమా మీలో చాలామంది చూసే ఉంటారు. ప్రియదర్శి నటించారు. సినిమా ఎక్కువగా తల్లీకొడుకుల కథ. నాకు కావలసింది అందులోని యంత్రం.

చింతకింది మల్లేశం గారిది ఆలేరు దగ్గరి శారాజీపేట. పోచంపల్లి ఇక్కత్ చీర నేయాలంటే, నూలుకు రంగు అద్దకముందే ఆసు పోయాలి. ఒక పక్క ఒక మేకు, దానికి ఎదురుగా అర్ధచంద్రాకారంలో వరుసగా మేకులు. దారాన్ని ఇటు నుంచి అటు, అటు నుంచి ఇటు చేత్తో తిప్పుతూ పోవాలి. ఒక్క చీరకు చెయ్యి సుమారు 9,000 సార్లు కదలాలి. నాలుగైదు గంటల పని, ఇళ్లలో ఎక్కువగా ఆడవాళ్లే చేస్తారు. తల్లి లక్ష్మి గారి భుజాల నొప్పి చూడలేక ఆయన 1992లో ప్రయత్నం మొదలుపెట్టారు. బడి చదువు మధ్యలోనే ఆగిపోయిన మనిషి. ఒక్కో భాగం పని చేస్తోంది గాని, ఒక కదలిక మాత్రం కుదరడం లేదు. హైదరాబాద్ బాలానగర్‌లో పని చేస్తుండగా అక్కడి ఒక యంత్రంలో ఆ కదలిక కనిపించింది. 1999లో యంత్రం పూర్తయింది. తల్లి పేరు మీద లక్ష్మీ ఆసు యంత్రం అన్నారు. నాలుగైదు గంటల పని సుమారు గంటన్నరకు వచ్చింది. మొదట మెకానికల్‌గా చేసినదానికి తర్వాత ఎలక్ట్రానిక్ నియంత్రణ కూడా చేర్చారు. 2011లో పేటెంట్, 2017లో పద్మశ్రీ వచ్చాయి. ఇలాంటి గ్రామీణ ఆవిష్కర్తలకు జాతీయ ఇన్నోవేషన్ ఫౌండేషన్, హైదరాబాద్‌లోని పల్లె సృజన వంటి సంస్థలు తోడుగా నిలుస్తున్నాయి.

ఇప్పుడు పేటెంట్ ఏజెంట్ కుర్చీలో కూర్చుని ఈ యంత్రాన్ని చూద్దాం. కింది మాటలు నావి, అసలు పత్రంలోవి కావు.

‘ఆసు పోసే యంత్రం’ అని రాస్తే సరిపోతుందా? సరిపోదు. అది చేయవలసిన పని పేరు. అలా రాస్తే రేపు ఇంకో విధంగా ఆసు పోసే యంత్రం చేసేవారినీ ఆపినట్లవుతుంది. ఎలా పోస్తుందో చెప్పనివారికి అంత హక్కు చట్టం ఇవ్వదు. కాబట్టి యంత్రాన్ని విప్పి చెప్పాలి. ఒక చట్రం. దాని మీద అర్ధచంద్రాకారంలో అమర్చిన మేకులు. దారాన్ని పట్టుకుని మేకుకూ కేంద్రానికీ మధ్య ముందుకూ వెనక్కూ కదిలే చెయ్యి. ఒక చుట్టు పూర్తికాగానే ఆ చేతిని పక్క మేకుకు జరిపే ఏర్పాటు. దాన్ని నడిపే మోటారు. ఎన్నిసార్లు తిరిగిందో లెక్కపెట్టే నియంత్రణ. వీటిలో ఏది పాతది, ఏది కొత్తది? మోటారు పాతదే. మేకులు ఎప్పటి నుంచో ఉన్నవే. మనిషి చెయ్యి చేసే పనిని యంత్రం చేసేలా వాటిని కలిపిన తీరులో కొత్తదనం ఉంది. అది ఎక్కడుందో వేలు పెట్టి చూపగలగడమే ఈ వృత్తిలో సగం పని.

ఒక్క మాట తేడా

మిగతా సగం భాష. నేను ఇంగ్లిష్ మీడియం టీచరును కాబట్టి ఈ భాగం మీద కొంచెం ఎక్కువ మమకారం. మన దేశంలో పేటెంట్ పత్రాలు హిందీలోనో ఇంగ్లిష్‌లోనో ఉండాలి. ఆవిష్కర్త తెలుగులో ఆలోచించి, తెలుగులో వివరించినా, చివరికి కార్యాలయానికి చేరేది ఇంగ్లిష్ పత్రమే. ఇద్దరి భాషా తెలిసిన ఏజెంట్ దొరికితే మధ్యలో అర్థం జారిపోదు.

పత్రం చివర క్లెయిములు ఉంటాయి. పొలానికి హద్దురాళ్లు ఎలాగో పేటెంటుకు క్లెయిములు అలా. వివరణ ఎన్ని పేజీలు ఉన్నా, హక్కు ఎక్కడిదాకా అంటే క్లెయిము ఉన్నదాకానే. అందులో వాడే ప్రతి మాటనూ తర్వాత ఎవరో ఒకరు కోర్టులో పట్టి చూస్తారు. ఉదాహరణకు ‘కంప్రైజింగ్’ అని రాస్తే ‘ఇవి ఉన్నవి, ఇంకేమైనా ఉన్నా సరే’ అని అర్థం. ‘కన్సిస్టింగ్ ఆఫ్’ అని రాస్తే ‘ఇవి మాత్రమే ఉన్నవి’ అని అర్థం. స్కూలు గ్రామర్ పుస్తకంలో ఈ రెంటినీ దాదాపు ఒకే అర్థంతో నేర్పిస్తాం. పేటెంటులో రెండో మాట వాడితే, పోటీదారు ఇంకో చిన్న భాగం అదనంగా తగిలించి హద్దు దాటిపోగలడు.

మా ఎనిమిదో తరగతికి ఒకరోజు నీళ్ల సీసాకు క్లెయిము రాయమన్నాను. ఒకరు ఇలా రాశారు: ‘నీలం రంగు ప్లాస్టిక్ సీసా, మర మూత, మూతకు బోల్టుతో బిగించిన పట్టీ’. పక్క బెంచి నుంచి వెంటనే సమాధానం వచ్చింది: ‘నేను ఎర్ర సీసా చేసుకుంటా, పట్టీని అతికిస్తా, నన్నేం చేయలేవు’. రెండు నిమిషాల్లో వాళ్లే దాన్ని సరిచేశారు. రంగు తీసేశారు, ప్లాస్టిక్ తీసేశారు, ‘బోల్టుతో బిగించిన’ బదులు ‘కలిపిన’ అన్నారు. అప్పుడు ఇంకో అమ్మాయి లేచి, ఇంత తీసేస్తే ఇది మా తాతగారి చెంబుకూ సరిపోతుంది టీచర్, పాతదే కదా అంది. అసలు ఇబ్బంది అదే. మరీ ఇరుకుగా రాస్తే పక్కవాడు తప్పించుకుంటాడు, మరీ వెడల్పుగా రాస్తే పాత వస్తువు మీద పడి పేటెంటే రాదు.

ఈ ఇరుకూ వెడల్పుల తగువు మన రోడ్ల మీద తిరిగే బైకుల మీదే జరిగింది. చిన్న ఇంజనుకు ఒక సిలిండరులో రెండు స్పార్క్ ప్లగ్గులు పెట్టే డీటీఎస్-ఐ పరిజ్ఞానం మీద బజాజ్ కంపెనీకి 2005లో పేటెంట్ వచ్చింది. 2007లో టీవీఎస్ కంపెనీ ఫ్లేమ్ అనే బైకు తెచ్చింది. దానిలోనూ రెండు ప్లగ్గులే. బజాజ్ మాది కాపీ కొట్టారంది. మాది మూడు వాల్వుల ఇంజను, మీ పేటెంటులో రాసుకున్నది రెండు వాల్వులు అంది టీవీఎస్. బజాజ్ క్లెయిములో సిలిండరు వ్యాసం 45 నుంచి 70 మి.మీ. మధ్య అని కూడా ఉంది. మద్రాస్ హైకోర్టులో 2008లో ఒక న్యాయమూర్తి అమ్మకాలు ఆపమన్నారు, 2009లో ధర్మాసనం ఆ ఆంక్షను తొలగించింది. ఆ సంవత్సరమే సుప్రీంకోర్టు, ఇలాంటి కేసులను రోజువారీగా విచారించి తొందరగా తేల్చాలని చెప్పింది. అయినా తగువు సాగి సాగి 2019లో రాజీతో ముగిసింది. రెండు కంపెనీల లాయర్లు, ఇంజనీర్లు పన్నెండేళ్లు పట్టుకుని కూర్చున్నది కొన్ని లైన్ల రాతను. మెకానిక్ షెడ్డులో వాల్వు అంటే ఏమిటో చూడని లాయరు ఈ కేసులో నోరు తెరవలేడు. వాల్వులు బిగించడం మాత్రమే వచ్చినవాడూ తెరవలేడు.

ప్రోగ్రాంకు పేటెంట్ వస్తుందా?

పిల్లలు ఇప్పుడు ఎక్కువగా అడిగేది ఇదే, ఎందుకంటే వాళ్లలో చాలామంది కోడింగ్ నేర్చుకుంటున్నారు. చట్టంలోని సెక్షన్ 3(కె) ప్రకారం గణిత పద్ధతికి, వ్యాపార పద్ధతికి, అల్గారిథమ్‌కు, కేవలం కంప్యూటర్ ప్రోగ్రాంకు పేటెంట్ లేదు. అంటే మార్కులు కూడి ర్యాంకులు వేసే యాప్ రాస్తే, కోడ్‌కు కాపీరైట్ ఉంటుంది గాని పేటెంట్ రాదు.

అలాగని కంప్యూటర్ ఉన్న ప్రతిదాన్నీ తోసిపుచ్చరు. 2019 డిసెంబరులో ఫెరీద్ అల్లానీ కేసులో ఢిల్లీ హైకోర్టు, ప్రోగ్రాం వల్ల సాంకేతికమైన ప్రభావం కలుగుతోందా అన్నది చూడాలని చెప్పింది. మళ్లీ మన స్టార్టర్ దగ్గరికి రండి. మోటారు తీసుకునే కరెంటు ఒక తీరులో పడిపోతే నీళ్లు లేవని గ్రహించి, కాయిల్ వదిలేసి, బోరు ఊరేదాకా ఆగి మళ్లీ మొదలుపెట్టే ప్రోగ్రాం ఉందనుకోండి. దాని ఫలితం తెర మీద అంకె కాదు, పొలంలో మోటారు కాలిపోకపోవడం. క్లెయిము రాసేటప్పుడు ప్రోగ్రాంను విడిగా కాకుండా సెన్సర్, కాంటాక్టర్, నియంత్రణ మూడింటితో కట్టి చెబుతారు. ఎలక్ట్రికల్ తెలియని కంప్యూటర్ మనిషి దీన్ని రాస్తే సెక్షన్ 3(కె) గోడకు కొట్టుకుని ఆగిపోయే ప్రమాదం ఉంది.

అయితే నీళ్లు లేకపోతే ఆగే స్టార్టరు ఇప్పటికే బజారులో దొరుకుతోంది. కాబట్టి పిల్లవాడు అదే చేసి తెస్తే మార్కులు వస్తాయి గాని పేటెంట్ రాదు. పాతది ఏముందో ముందు వెతకాలి. పేటెంట్ కార్యాలయం వెబ్‌సైట్‌లో ఇన్‌పాస్ అనే ఉచిత వెతుకుడు సదుపాయం ఉంది, గూగుల్ పేటెంట్స్ కూడా ఉచితమే. తొమ్మిది, పది తరగతుల పిల్లలు ఒక గంట కూర్చుంటే చాలా విషయం తెలుస్తుంది. తమ ఆలోచన ఇదివరకే ఉందని తెలిసి వాళ్ల ముఖం చిన్నబోతే బాధపడకండి. ఎక్కడో ఒక ఇంజనీరుకు వచ్చిన ఆలోచనే మీ పాపకూ వచ్చిందంటే చిన్న విషయమా?

ముందు దాఖలు, తర్వాత ప్రదర్శన

ఇక వాట్సాప్ స్టేటస్ సంగతి. దరఖాస్తు చేయకముందే ఆవిష్కరణ ఎలా పని చేస్తుందో బయటి ప్రపంచానికి తెలిసిపోతే, అది కొత్తది కాదని తిరస్కరించడానికి ఆ వీడియోనే సాక్ష్యం కావచ్చు. తీసినది మీరే అయినా సరే. కేంద్ర ప్రభుత్వం గెజిట్‌లో ప్రత్యేకంగా నోటిఫై చేసిన ప్రదర్శనల విషయంలో 12 నెలల వెసులుబాటు ఉంది గాని, మామూలు స్కూలు ఎగ్జిబిషన్‌కు అది వర్తిస్తుందని అనుకోవద్దు. ఇన్‌స్పైర్ మానక్ పోటీలకు, రాష్ట్ర ఇన్నోవేషన్ సెల్ 2019 నుంచి ఆగస్టు 15కు నిర్వహిస్తున్న ఇంటింటా ఇన్నోవేటర్‌కు పిల్లల్ని తప్పకుండా పంపండి. మానక్‌లో ఎంపికైన ఆలోచనకు మోడల్ చేసుకోవడానికి 10,000 రూపాయలు ఇస్తారు, ప్రైవేటు బడి పిల్లలకూ అవకాశం ఉంది. నూటికి తొంభై మోడళ్లు పాఠాన్ని అర్థం చేసుకోవడానికి చేసేవి, వాటికి ఈ భయమేమీ అక్కర్లేదు. నిజంగా కొత్తదేదో ఉందని సైన్స్ టీచరు చెబితే మాత్రం వీడియో ఆపి, ముందు తాత్కాలిక స్పెసిఫికేషన్ దాఖలు చేయండి. దానితో తేదీ మీది అవుతుంది. పూర్తి పత్రం ఇవ్వడానికి 12 నెలల గడువు ఉంటుంది.

మామూలు వ్యక్తికి ఆన్‌లైన్‌లో దరఖాస్తు ఫీజు 1,600 రూపాయలు, పరీక్షించమని అడగడానికి 4,000. పెద్ద కంపెనీకైతే ఇవే 8,000, 20,000. పత్రం పేజీలు, క్లెయిములు ఎక్కువైతే కొంత అదనం. ఏజెంట్ ఫీజు వేరు, అది ప్రభుత్వ ఫీజు కంటే ఎక్కువే ఉంటుంది, కాబట్టి ముందే లిఖితపూర్వకంగా అడగండి. పేటెంట్ వచ్చాక ఏటా పునరుద్ధరణ ఫీజు కట్టకపోతే హక్కు పోతుంది. దరఖాస్తుదారుల్లో మహిళ ఉంటే త్వరగా పరీక్షించమని కోరే వీలుంది, దానికి ఫీజు ఎక్కువ. ఆవిష్కర్తగా పిల్లల పేరు రాయడానికి వయసు అడ్డు కాదు, సంతకాలు, బాధ్యత సంరక్షకులవి. మన రాష్ట్రం చెన్నై పేటెంట్ కార్యాలయం పరిధిలోకి వస్తుంది, కానీ దాఖలు ఆన్‌లైన్‌లోనే కాబట్టి చెన్నై దాకా పోనవసరం లేదు.

ఇక్కడ ఒక మాట గట్టిగానే చెప్పాలి. దరఖాస్తు వేసిన 18 నెలలకు అది అధికార పత్రికలో ప్రచురితమవుతుంది. అదనపు ఫీజు కడితే ఇంకా ముందే అవుతుంది. ప్రచురణ అంటే ‘ఇలాంటి దరఖాస్తు వచ్చింది’ అని మాత్రమే. దాన్ని అప్పటికి ఎవరూ పరీక్షించి ఉండరు. కొందరు ఆ కాగితం పట్టుకుని ‘మా విద్యార్థికి పేటెంట్ వచ్చింది’ అని ఫ్లెక్సీ కొట్టిస్తారు. డబ్బు తీసుకుని, ఎవరో తయారు చేసిన దరఖాస్తులో పిల్లల పేరు చేరుస్తామనేవారు కూడా ఫోన్లు చేస్తున్నారు. వస్తువు ఆకారానికి, అలంకరణకు ఇచ్చే డిజైన్ రిజిస్ట్రేషన్‌నే పేటెంట్ అని చెప్పడం ఇంకో రకం. అలాంటి ప్రకటన ఏ బడిదైనా, మా సంస్థదైనా సరే, మంజూరైన పేటెంట్ నంబరు అడగండి. ఇన్‌పాస్‌లో ఆ నంబరు కొడితే మంజూరైందా, పెండింగులో ఉందా, తిరస్కరించారా అన్నది మీ ఫోన్‌లోనే కనిపిస్తుంది.

వృత్తిగా తీసుకోవాలంటే

పేటెంట్ ఏజెంట్ కావడానికి లా డిగ్రీ అక్కర్లేదు, చాలామందికి ఆశ్చర్యం కలిగించేది ఇదే. భారత పౌరులై, 21 ఏళ్లు నిండి, సైన్స్, ఇంజనీరింగ్ లేదా టెక్నాలజీలో డిగ్రీ ఉండాలి. అంటే బీఎస్సీ చదివినవారూ అర్హులే. ఆ తర్వాత పేటెంట్ కార్యాలయం పెట్టే పరీక్ష. మొదటి పేపరు చట్టం, నిబంధనలు. రెండో పేపరు పత్రం రాయడం, చదివి అర్థం చెప్పడం. తర్వాత మౌఖికం. రెండు పేపర్లలోనూ కనీసం 50 మార్కులు, మొత్తం మీద 60 శాతం రావాలి. పరీక్ష ప్రతి ఏడాదీ తప్పక జరుగుతుందని నమ్ముకోకూడదు, ప్రకటన కోసం చూస్తూ ఉండాలి.

ఏజెంటు పేటెంట్ కార్యాలయం ముందు వాదించగలరు, కోర్టులో వాదించలేరు. బజాజ్, టీవీఎస్ లాంటి కేసుల్లో నిలబడాలంటే బీటెక్ తర్వాత మూడేళ్ల ఎల్‌ఎల్‌బీ చేసి అడ్వకేటుగా నమోదు కావాలి. హైదరాబాద్ శామీర్‌పేటలోని నల్సార్‌లో పేటెంట్ చట్టం మీద పీజీ డిప్లొమా ఉంది, ఉద్యోగం చేస్తూనే చదవవచ్చు. బల్లకు అవతలి వైపు ఎగ్జామినర్లు కూర్చుంటారు. వాళ్లు కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులు, మెకానికల్, ఎలక్ట్రికల్, కంప్యూటర్ అని విభాగాల వారీగా ఎంపిక జరుగుతుంది.

రోజువారీ పని సినిమాల్లో కోర్టు సీన్‌లా ఉండదు. పొద్దున ఒక పంపు, మధ్యాహ్నం ఒక చార్జరు సర్క్యూటు, సాయంత్రం ఒక సాఫ్ట్‌వేర్. ఆవిష్కర్తను కూర్చోబెట్టి ‘ఇది లేకపోతే ఏమవుతుంది?’ అని పదిసార్లు అడగాలి. ఎగ్జామినర్ నుంచి అభ్యంతరాల పత్రం వస్తుంది, దానికి జతగా పాత పేటెంట్లు ఉంటాయి. ఆరు నెలల్లో జవాబు ఇవ్వాలి. ఆ పాత పేటెంట్లకూ మనదానికీ తేడా ఎక్కడుందో లైను లైనూ చూపాలి. గడువు దాటితే ఆవిష్కర్త కష్టమంతా పోతుంది. ఓపిక లేనివారికి, గడువు తేదీలు మరచిపోయేవారికి ఈ పని పనికిరాదని నా అభిప్రాయం. పాడైన మిక్సీని విప్పి, తిరిగి బిగించి, ఏ భాగం ఎందుకుందో అమ్మకు విడమరిచి చెప్పే పిల్లలకు బాగా నప్పుతుంది.

ఇంట్లో చేయించవలసిన పని

ఈ నెల ఆరు నుంచి పది తరగతుల పిల్లలకు ఒక చిన్న పని. వంటింట్లో ప్రెషర్ కుక్కర్ ఖాళీగా, చల్లగా ఉన్నప్పుడు ముందు పెట్టుకోండి. దాన్ని ఎన్నడూ చూడని మనిషి చదివి తయారు చేసుకోగలిగేలా ఒకే వాక్యంలో రాయమనండి, తెలుగైనా ఇంగ్లిష్ అయినా సరే. రబ్బరు రింగు, విజిలు, సేఫ్టీ వాల్వు మూడూ వాక్యంలో ఉండాలి, ఒక్కోటి ఏం చేస్తుందో కూడా ఉండాలి. రంగు, బ్రాండు, లీటర్లు ఉండకూడదు. తర్వాత మీరు పోటీ కంపెనీ వాళ్లనుకుని, ఆ వాక్యానికి చిక్కకుండా ఇంకో కుక్కర్ ఎలా చేయవచ్చో ఆలోచించి చెప్పండి. అమ్మమ్మలను, నాయనమ్మలను కూడా కూర్చోబెట్టండి, విజిలు గురించి వాళ్లకు తెలిసినంత మనకు తెలియదు. మీరు దారి కనిపెడితే వాక్యం మళ్లీ రాయాలి. మొదటి వాక్యం, చివరి వాక్యం రెండూ ఒకే కాగితం మీద రాసి, స్కూల్ డైరీలో పెట్టి పంపండి. మొదటిదాన్ని చెరిపేయనివ్వకండి.